పక్క జిల్లా టీచర్లతో కలిసి ఎఫ్‌ఏ (బడిలో టీచరే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు సరిచూసుకోవడం: ఎవరైనా చేశారా?

తెలుగు టీచర్, జనగామ వైపు:

అందరికీ నమస్కారం. నేను జడ్పీ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌ని. సర్వీసులోకి వచ్చి 17 ఏళ్ళు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది జనగామ జిల్లా అంచు. మా బడి దగ్గర చేర్యాల బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో జిల్లా మారిపోతుంది. 2016 అక్టోబరు దాకా అందరం వరంగల్ జిల్లానే. కొత్త జిల్లాలు వచ్చాక చేర్యాల, మద్దూరు సిద్దిపేటలో కలిశాయి, మేం జనగామకు వచ్చాం. అంతకుముందు ట్రైనింగుల్లో ఒకే బల్ల మీద కూర్చున్న టీచర్లం ఇప్పుడు ఏదో ఒక పెళ్ళిలో కలిస్తేనే కలిసినట్టు. పిల్లలకు మాత్రం ఈ గీత లేదు. అటువైపు యూపీఎస్‌లో (ఏడు దాకా ఉండే ప్రాథమికోన్నత బడిలో) ఏడు అయిపోయినవాళ్ళు దగ్గరని ఎనిమిదికి మా బడికి వస్తారు.

ఈ జూన్‌లో అలా ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, వేర్వేరు బడుల నుంచి. ఒకమ్మాయికి ఏడో తరగతి నాలుగు తెలుగు ఎఫ్‌ఏల్లో ఇరవైకి 19, 20, 19, 20. ఇంకో అమ్మాయికి 12, 11, 13, 12. మొదటి వారం పాఠంలోని ఒక పేరా చదవమన్నాను. ఇరవై తెచ్చుకున్న పిల్ల ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయింది. పన్నెండు పిల్ల గడగడా చదివి, అడగకుండానే ‘ఇది మా నాయనమ్మ చెప్పే కత లెక్కనే ఉంది మేడం’ అంది. ఎఫ్‌ఏ-1లో మొదటి అమ్మాయికి తొమ్మిది వేశాను. వాళ్ళమ్మ కూలికి పోయే మనిషి, పని మానుకుని బడికి వచ్చింది. ‘ఇరవైకి ఇరవై తెచ్చిన పిల్లకు ఇక్కడికొస్తే తొమ్మిదెట్ల వస్తయి మేడం?’ అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆ టీచరు దృష్టిలో ఆ పిల్ల ఇరవైకి తగినదే కావచ్చు. పుస్తక సమీక్షకు అయిదు, రాత అంశాలకు అయిదు, ప్రాజెక్టుకు అయిదు, లఘు పరీక్షకు అయిదు అని కాగితం మీద అందరికీ ఒకటే ఉంటుంది. అయిదుకు మూడెప్పుడు వేయాలి, నాలుగెప్పుడు వేయాలి అన్నది మాత్రం ఎవరి మనసులో వాళ్ళకు ఉంటుంది. రికార్డులు చూడటానికి టీమ్ వస్తుంది. రిజిస్టరు ఉందా, సంతకాలు ఉన్నాయా, నోట్‌బుక్కులో ఎర్ర ఇంకు కనబడుతోందా చూసి వెళ్తుంది. మూడు ఎందుకు మూడైందని నన్ను ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

అందుకని ఒక ఆదివారం పొద్దున ఇటు ఇద్దరం, అటు ముగ్గురు, అయిదుగురు తెలుగు టీచర్లం ఒకరింట్లో కూర్చున్నాం. పాత పేపర్లలోంచి ఒక పిల్లాడు రాసిన కరపత్రం తీసి, పేరు మీద తెల్ల కాగితం అంటించి, జిరాక్స్ తీసి తలా ఒకటి పంచాను. ప్రశ్న: ‘మీ ఊరి చెరువును కాపాడుకోవాలని కరపత్రం రాయండి.’ పిల్లాడు రాసింది ఇదీ:

‘అన్నలారా అక్కలారా, మన చెర్వు సచ్చిపోతున్నది. మా తాత ఈ నీళ్ళు దోసిట్ల పట్టి తాగేటోడంట. ఇప్పుడు బర్రెలు గూడ మూతి పెట్టి ఎనకకు తీస్తున్నయి. కవర్లు ఏసేది మనమే. ఆపెటోళ్ళం గూడ మనమే.’

మాట్లాడుకోకుండా అయిదుకు మార్కులు వేశాం. 2, 3, 3, 4, 5. రెండు వేసిన సార్, కరపత్రానికి శీర్షిక లేదు, కింద ఎవరు వేశారో లేదు, ‘చెర్వు’ ‘సచ్చి’ అని రాస్తే ఎలా అన్నారు. అయిదు వేసింది నేనే. ఆ బర్రెల వాక్యం నాకు ఈరోజుకీ మనసులోంచి పోవడం లేదు. గంటన్నర వాదించుకున్నాం, భోజనాలు చల్లారిపోయాయి, ఎవరూ ఒక్క మార్కు కదల్లేదు.

నా ప్రశ్న ఇదే. ఇలా వేర్వేరు మండలాలు, వేర్వేరు జిల్లాల టీచర్లు కలిసి మార్కులను ఒక తీరుకు తెచ్చుకునే పని ఎవరైనా చేశారా? ఎలా మొదలుపెట్టారు? వాదన దగ్గరే ఆగిపోకుండా ఏం చేయాలి?

లెక్కల మాస్టారు, ఒంగోలు:

మేడమ్, మీరు చేసిన పని మనకు కొత్తేమీ కాదు, ఒకసారి స్పాట్ వాల్యుయేషన్ గుర్తు చేసుకోండి. పదో తరగతి స్పాట్‌లో మనం దిద్దేది మన పిల్లల పేపర్లు కాదుగా. కోడింగ్ అయి వేరే జిల్లా నుంచి వస్తాయి, ఎవరివో తెలియదు. పేపర్లు ఇచ్చే ముందు చీఫ్ ఎగ్జామినర్ అందరినీ కూర్చోబెట్టి కీ మీద మాట్లాడతారు. ఈ లెక్కలో సూత్రం రాస్తే ఎంత, ప్రతిక్షేపించాక గుర్తు తప్పు వేస్తే ఎంత తగ్గించాలి, వేరే పద్ధతిలో చేస్తే ఏం చేయాలి అని. ఆ చర్చ గట్టిగా జరిగిన సెంటర్లో రోజంతా దిద్దుబాటు సాఫీగా సాగుతుంది. తూతూమంత్రంగా అయిన చోట మధ్యాహ్నానికి గొడవలు మొదలవుతాయి. నేను రెండూ చూశాను.

ఏడాదికి ఒకసారి, ఆఖర్న చేసే ఆ పనిని మనం ఎఫ్‌ఏకి ఎందుకు చేయకూడదు? పది నిమిషాల లఘు పరీక్ష కోసం స్పాట్ పెట్టమనడం లేదు. ఒక ఎఫ్‌ఏలో ఒకే ఒక్క ప్రశ్న రెండు మండలాలకూ ఉమ్మడిగా పెట్టి, దాని జవాబులు మాత్రం కలిసి చూసుకుంటే చాలు.

ఇంకో మాట చెప్పాలి. మా ఆంధ్రలో పదో తరగతికి ఎఫ్‌ఏల నుంచి కలిపే ఆ 20 ఇంటర్నల్ మార్కులు 2019లో తీసేశారు, పేపరు మళ్ళీ వందకు వచ్చింది. మీ తెలంగాణలో కూడా 2024 నవంబరులో తీసేస్తామని ఉత్తర్వు వచ్చి, ఆ ఏడాదికి ఆగింది కదా. బడిలో వేసే మార్కు మీద బయటివాళ్ళకు నమ్మకం లేకపోతే ఇలాగే అవుతుంది. ఏడాది పొడుగునా పిల్లవాడిని చూసే టీచరు మాటకు విలువ పోయి, మూడు గంటల పేపరే మిగులుతుంది. అది నాకు చాలా బాధ. మా క్లాసులో నోటితో లెక్క తడుముకోకుండా చెప్పి, పేపరు మీద పెట్టలేని పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళ తెలివి ఏ పేపర్లో కనబడుతుంది?

న్యూ హాంప్‌షైర్ నుంచి ఒక సైన్స్ టీచర్:

మేడమ్, మాది నల్లగొండ. ఇక్కడ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను, ఎందుకంటే సరిగ్గా ఈ పనినే ఇక్కడ పెద్ద ఎత్తున చేశారు.

ముందు ఒక విషయం. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా అంత ఉంటుందనుకోకండి. చిన్న ఊళ్ళ డిస్ట్రిక్టులో ఒకే హైస్కూలు ఉంటుంది, మన మండలం కన్నా చిన్నది. దేనికదే సొంత బోర్డు, సొంత సిలబస్. అందుకే ఒక డిస్ట్రిక్టులో ‘బాగుంది’ అన్న పని పక్క డిస్ట్రిక్టులో ‘పరవాలేదు’ అవుతుంది. మీ ఇద్దరమ్మాయిల కథే.

2015లో ఈ రాష్ట్రం కేంద్ర విద్యాశాఖ అనుమతితో ‘పేస్’ అనే పద్ధతి మొదలుపెట్టింది. మొదట శాన్‌బోర్న్, రాచెస్టర్, ఎప్పింగ్, సౌహీగన్ అనే నాలుగు డిస్ట్రిక్టులు చేరాయి. రాష్ట్ర పరీక్ష ప్రతి ఏడూ కాకుండా కొన్ని తరగతుల్లోనే పెట్టి, మిగతా తరగతుల్లో టీచర్లు కలిసి తయారుచేసిన ఉమ్మడి పనులు పిల్లలతో చేయించేవారు. ఊరికి నీళ్ళ ట్యాంకు డిజైన్ చేయడం లాంటివి, సరైన జవాబుకు టిక్కు పెట్టి పోయేవి కావు. తర్వాత పిల్లల పేర్లు తీసేసి, వేర్వేరు డిస్ట్రిక్టుల టీచర్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టేవారు. ఇద్దరూ విడివిడిగా మార్కు వేయాలి. తేడా వస్తే, పిల్లవాడి కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడుకుని ఒకే మార్కుకు రావాలి. ఆ మార్కును సొంత టీచరు వేసినదాంతో పోల్చి, ఏ డిస్ట్రిక్టు ఉదారంగా వేస్తోంది, ఏది బిగబట్టి వేస్తోంది అని చూసేవారు.

అలాంటి దిద్దుబాటులో ఒకసారి నేనూ కూర్చున్నాను. నాలుగు మెట్ల కొలతలో ఒక ప్రయోగం రిపోర్టుకు నేను 3 వేశాను, పక్క డిస్ట్రిక్టు టీచరు 2 వేసింది. ‘రుజువు ఎక్కడుంది చూపించు’ అంటుంది ఆమె. ‘ప్రశ్నలో రుజువు అడగలేదుగా’ అంటాను నేను. అరగంట తర్వాత ఇద్దరికీ అర్థమైంది, పిల్లవాడి జవాబులో లోపం లేదు, ప్రశ్న రాసిన తీరులోనే ఉంది. ఆ సాయంత్రం ప్రశ్నను తిరగరాశాం.

మీ కరపత్రం గురించి కూడా నాకు అదే అనిపిస్తోంది. కరపత్రం రాయమన్నారు, ఎవరు చదవడానికో చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళు చదివేదైతే ‘మన చెర్వు సచ్చిపోతున్నది’ కన్నా సూటిగా ఎవరు రాయగలరు? కలెక్టరుకు వెళ్ళేదైతే ఆ సార్ అన్నదాంట్లో న్యాయం ఉంది. మీ అయిదుగురూ మనసులో వేర్వేరు పాఠకుణ్ణి పెట్టుకుని దిద్దారు.

కష్టం కూడా చెప్పాలి. టైము చాలా పడుతుంది. టీచరు దిద్దుబాటుకు వెళ్ళిన రోజు ఆ క్లాసు ఇంకొకరు చూసుకోవాలి. అందుకే చిన్నగా మొదలుపెట్టమంటాను.

రిటైర్డ్ హెచ్ఎం, ఖమ్మం:

అమ్మా, నీ ఆలోచన మంచిది. రెండు జాగ్రత్తలు చెబుతాను, పెద్దవాణ్ణి కాబట్టి విను.

ఒకటి, దీన్ని ఇన్‌స్పెక్షన్ కానివ్వకు. ఏ మండలం ఎక్కువ వేస్తోంది, ఏ బడి తక్కువ వేస్తోంది అని పట్టిక కట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మర్నాడు ఎవరూ రారు. నేను స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిపిన గుంపు) హెచ్ఎంగా ఉన్నప్పుడు మంచి ఉద్దేశంతోనే అలాంటి పట్టిక ఒకటి గోడకు అంటించాను. తక్కువ వేసే టీచర్లు కూడా మరుసటి ఎఫ్‌ఏకి పంతొమ్మిదులు వేసేశారు. నిజాయితీగా దిద్దేవాళ్ళను నేనే భయపెట్టినట్టయింది.

రెండోది, రెండు జిల్లాలు కాబట్టి ఓడీ (బడి రోజున డ్యూటీ మీద వెళ్ళే అనుమతి) కావాలంటే ఇద్దరు డీఈవోల దగ్గరికి ఫైలు వెళ్ళాలి. దాని కోసం కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. ముందు రెండో శనివారాల్లో కలవండి. రెండుసార్లు చేసి, ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని మీ ఎంఈవోకి చూపించు. ఉత్త మాట చెప్పే మనిషికన్నా పని చూపించే మనిషికి తొందరగా సంతకం దొరుకుతుంది. పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం ఫోన్లలో తిప్పకండి.

తెలుగు టీచర్, జనగామ వైపు:

అందరికీ ధన్యవాదాలు. జవాబు ఆలస్యమైంది, చేసి చూశాకే రాద్దామని ఆగాను.

నల్లగొండ మేడమ్, మీ మాట చదివి ఆ రాత్రే రెండు వేసిన సార్‌కి ఫోన్ చేశాను. ‘మీరు దాన్ని ఎవరు చదువుతారనుకుని దిద్దారు సార్?’ అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పేపరు దిద్దేవాడు చదువుతాడనుకున్నా’ అన్నారు. ఆ జవాబు నన్ను కూడా తాకింది, ఇన్నేళ్ళలో నేనెన్ని పేపర్లు అలాగే దిద్దానో.

మొన్న రెండో శనివారం మళ్ళీ కలిశాం. ఈసారి ఏడుగురం. ప్రశ్నను రెండుగా విడగొట్టాం. చెరువు గురించి మీ ఊళ్ళో ఇంటింటికీ పంచే కరపత్రం ఒకటి, అదే విషయం మీద తహసీల్దారుకు లేఖ ఒకటి. కరపత్రంలో ఇంటి మాట రాస్తే మార్కు తగ్గించకూడదు. చదివినవాళ్ళు ఏం చేయాలో స్పష్టంగా ఉందా, ఊళ్ళో కంటికి కనబడే సంగతి కనీసం ఒకటి చెప్పాడా అని చూడాలి. లేఖలో ప్రామాణిక భాష, తేదీ, విషయం, చిరునామా చూడాలి. ఈ సూచికలు రాసుకోవడానికే రెండు గంటలు పట్టింది. తర్వాత ఆ పాత కరపత్రాన్నే మళ్ళీ అందరం దిద్దాం: 4, 4, 4, 3, 4, 5, 4. ఆ సార్ నాలుగు వేశారు. నేనూ నాలుగే వేశాను, ఎందుకంటే ఊరివాళ్ళు రేపు పొద్దున ఏం చేయాలో పిల్లాడు నిజంగానే చెప్పలేదు. బర్రెల వాక్యం మీద ప్రేమతో మొదటిసారి అది నాకు కనబడలేదు.

లెక్కల మాస్టారూ, మీరన్నట్టు ఎఫ్‌ఏ-2లో ఈ రెండు ప్రశ్నలూ ఇటు రెండు బడుల్లో, అటు మూడు బడుల్లో ఉమ్మడిగా పెడుతున్నాం. బడికి ఆరు జవాబులు, పేర్లు తీసి నంబర్లు వేసి, జిరాక్సులు నేనే చేర్యాల బస్సులో తీసుకువెళ్తాను. పెద్దసారూ, పట్టిక కట్టం. ఎవరి మార్కులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.

ఆ అమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి సూచికల కాగితం, పిల్ల రాసిన లేఖ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఆగిందో వేలుతో చూపించాను. ‘మరి ఒత్తులు ఎప్పటికి వస్తయి?’ అని అడిగింది. సాయంత్రం బడి వదిలాక అరగంట కూర్చోబెడుతున్నాను, పన్నెండు మార్కుల పిల్ల పక్కన. ఆ పిల్లకేమో పాత రికార్డులో పన్నెండు ఎందుకొచ్చిందో నేను తెలుసుకోవాలి. వాళ్ళ పాత టీచరును ఎఫ్‌ఏ-2 దిద్దుబాటుకు రమ్మని అడిగాను. వస్తానంది.