వరద ఊళ్ళ ఆశా కార్యకర్తలకు మానసిక సాయం శిక్షణ: రెండు రోజులు చాలునా?

ప్రశ్న: 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించినారు కదా. మళ్ళీ అలాంటిది వస్తే జనం భయాన్ని, దిగులును చూసుకునేందుకు రామచంద్రాపురం వైపు 20 మంది ఆశా, ఏఎన్ఎంలను సిద్ధం చేయాలి. రెండు రోజులు చాలునా? ఏం నేర్పాలి?

జవాబు 1: మానసిక ప్రథమ సాయం (ఆపద జరిగిన వెంటనే మాటతో, తోడుతో ఇచ్చే ఊరట) వరకైతే చాలునండీ, ఉపన్యాసాలతో గడిపేయకపోతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన పద్ధతి చూడడం, వినడం, సాయం దొరికేచోటికి కలపడం. ముగ్గురేసి కూర్చోబెట్టండి: ఒకరు బాధితురాలు, ఒకరు వినేవారు, మూడోవారు గమనించేవారు. పావుగంటకోసారి స్థానాలు మార్చండి. అందరూ చేసే తప్పు ఒకటే, "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనేయడం. ఆ మాటతో ఎదుటివాళ్ళ నోరు మూతపడుతుంది. "నీళ్ళు తాగమ్మా. ఇంట్లోవాళ్ళంతా కనిపించినారా? రాత్రికి ఎక్కడ పడుకుంటారు?" అని అడగడం నేర్పండి. జరిగినదంతా చెప్పమని మాత్రం తవ్వకూడదు. మొదటి రోజుల్లోనే ఒక్క విడతలో అంతా చెప్పించడం వల్ల తర్వాత వచ్చే మానసిక జబ్బు ఆగదని తేలింది.

జవాబు 2: పై మాటకు తోడు, మందుల సంగతి. ఫిట్స్‌కు, మతి చలించినందుకు మాత్రలు వాడేవాళ్ళ జాబితా వానలకు ముందే రాసిపెట్టించండి. సంచి నీళ్ళలో పోయి ఫిట్స్ మాత్ర హఠాత్తుగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. భయపడిన ప్రతివాళ్ళకూ నిద్రమాత్ర ఇప్పించడం వద్దు, మొదటి నెలలో మరీ వద్దు. ఉలికిపాటు, పీడకలలు, చెరువు వైపే పోకపోవడం నెల దాటినా తగ్గకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి. మనవైపు ఎవరూ డిప్రెషన్ అనరు. "గుండె దడ", "పిల్లోడు దడుచుకున్నాడు" అంటారు. తాయెత్తు కట్టించి ఉంటే ఎగతాళి చేయనివ్వకండి, మళ్ళీ గడప తొక్కనివ్వరు.

జవాబు 3: నెలల తరబడి దిగులు పడేవాళ్ళకు రెండు రోజుల చదువు ఆనదు. అలాంటివాళ్ళ కోసం మామూలు కార్యకర్తలు కూడా నేర్చుకోగల ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి "ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్" ఉంది. అది వారానికొకటి చొప్పున 5 విడతలు, ఒక్కోటి 90 నిమిషాలు: నిదానంగా ఊపిరి తీయడం, సమస్యను ముక్కలు చేసుకోవడం, ఆగిపోయిన పనులు మళ్ళీ మొదలుపెట్టడం, మనుషుల తోడు పెంచుకోవడం. తరగతి అయ్యాక ఒకరిద్దరిని పర్యవేక్షణలో చూడనిదే ఒంటరిగా పంపకండి. వారం వారం ఐదారుగురు కలిసి కేసులు మాట్లాడుకోవాలి, శిక్షణలన్నీ చెడేది ఇది ఆగిపోయినప్పుడే. ఆ కార్యకర్తల ఇళ్ళూ మునిగి ఉంటాయి, వాళ్ళ గోడూ అక్కడే వినండి.

చావు ఆలోచన ఉందా అని సూటిగా అడగడం నేర్పండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రభుత్వ మానసిక సాయం ఫోను టెలీ మానస్ 14416 నంబరు కార్డు మీద రాసివ్వండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. శిబిరం బడిలో ఉంటే వరండా చివర కూర్చోబెట్టి మాట్లాడండి: నలుగురికీ కనబడాలి, మాట మాత్రం వినబడకూడదు.