మొదటి సినిమా జ్ఞాపకం మనదేనా, మనవాళ్ళు చెప్పినదా?

తుంగభద్ర (చర్చ ప్రారంభం)

కుటుంబంతో కలిసి చూసిన మొదటి సినిమా గురించి సభ్యులు ఇక్కడ రాస్తున్నవన్నీ కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. రెండేళ్ళ వయసులో నాన్న భుజం మీద కూర్చుని చూశామని ఒకరు, ఏడాదిన్నరప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని తెర మీద రాక్షసుణ్ణి చూసి గుక్కపట్టి ఏడ్చామని ఇంకొకరు రాశారు. వారి చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. కానీ అవి వారు స్వయంగా దాచుకున్న జ్ఞాపకాలా, లేక ఇంట్లో పెద్దలు పదేపదే చెప్పగా మనసులో రూపుకట్టిన కథలా అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. అది వేయవలసిన ప్రశ్న అని నా నమ్మకం.

మూడేళ్ళు నిండకముందు చూసిన సినిమా ఎవరికీ గుర్తుండదన్నది నా పక్షం. బ్రిటన్‌కు చెందిన పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 6,641 మందిని వారి మొట్టమొదటి జ్ఞాపకం చెప్పమని అడిగితే, 38.6 శాతం మంది రెండేళ్ళు లేదా అంతకన్నా చిన్న వయసు నాటి సంగతులు చెప్పారు. అవి ఫొటోలనుంచి, ఇంట్లో విన్న మాటలనుంచి అల్లుకున్నవి అయివుంటాయన్నదే ఆ పరిశోధకుల నిర్ణయం. సినిమా విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చూసిన సినిమా మళ్ళీమళ్ళీ కళ్ళబడుతూనే ఉంటుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన 'మాయాబజార్'ను పసితనంలో రంగుల్లో చూశానని నేటికీ గట్టిగా చెబుతారు. ఆ చిత్రం 1957లో నలుపు తెలుపుల్లోనే వచ్చింది, దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేసింది 2010లో. పెద్దయ్యాక చూసిన రంగులు పసితనపు జ్ఞాపకంలోకి వెళ్ళి కూర్చున్నాయి, ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఇంకొక మాట. నాన్న భుజం మీద కూర్చున్న తమ రూపం తమకే కనిపిస్తోందని చాలామంది రాస్తున్నారు. భుజం మీద ఉన్న పిల్లవాడికి తెర కనిపించాలి, ముందు వరుసల తలలు కనిపించాలి, అంతేగానీ తన రూపం తనకు ఎలా కనిపిస్తుంది?

బాపట్ల వాసి

తుంగభద్ర గారూ, సినిమా సంగతిలో మీతో ఏకీభవిస్తాను. సినిమా హాలు సంగతిలో ఏకీభవించను. ఈ రెండింటినీ మీరు ఒకే గాటన కట్టారు.

నేను పుట్టింది 1973 చివర. మా ఊళ్ళో అప్పుడు తాటాకు కప్పిన హాలు ఒకటి ఉండేది. పగటి ఆటలో ఆకుల సందుల్లోంచి ఎండ సన్నని కడ్డీల్లా దిగి, కింద ఇసుక మీద గుండ్రటి మచ్చలుగా పడేది. ఆ మచ్చల్లో ఒకదాని మీద అరచెయ్యి పెడితే వెలుగు నా చేతి మీదికి వచ్చేది, తీస్తే మళ్ళీ ఇసుక మీద పడేది. తెర మీద ఏ బొమ్మ ఆడుతోందో నాకు గుర్తులేదు. నీలం రంగు దేహంతో ఎవరో ఉన్నారన్నంతవరకే గుర్తు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన, తుపాను మా వైపు కూడా ఎన్నో పైకప్పులు లేపుకుపోయాయి. ఆ హాలు కూడా నేలమట్టమైంది. తిరిగి కట్టినప్పుడు ఇనుపరేకులు వేశారు. కాబట్టి ఆ ఎండ మచ్చలు నేను చూసింది నాలుగేళ్ళు నిండకముందే.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఇది ఎవరూ ఎవరికీ చెప్పదగినంత విశేషం కాదు. మా ఇంట్లో నా మొదటి సినిమా గురించి చెప్పే కథ వేరే ఉంది. రథం విరిగినప్పుడు భయపడి అమ్మ కొంగులో దూరానట. ఆ కథ ఎన్నోసార్లు విన్నాను, కానీ నా మనసులో ఆ దృశ్యం లేదు. చెప్పినవన్నీ జ్ఞాపకాలుగా మారిపోయేటట్టయితే ఎక్కువసార్లు విన్న ఆ కథే కదా నాకు గుర్తుండవలసింది?

తుంగభద్ర

బాపట్ల వాసి గారూ, మీరు చెప్పినది మనసుకు హత్తుకుంది, అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ఇసుక పోగు చేసుకుని దాని మీద కూర్చోవడం, ఇంటర్వెల్‌లో గోలీసోడా కొట్టిన చప్పుడు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య కట్టిన అడ్డుతెర, ఆట మొదలవబోతోందనడానికి గుర్తుగా మైకులో వేసే ఘంటసాల భక్తిగీతం, ఇవన్నీ ఈ వేదికలో దాదాపు ప్రతి ఒక్కరి రచనలోనూ ఉన్నాయి. శ్రీకాకుళం వారిదీ అనంతపురం వారిదీ ఒకే జ్ఞాపకం ఎలా అవుతుంది? ఎన్నోసార్లు వెళ్ళిన హాలు మనసులో ఒక మూసగా నిలిచి ఉంటుంది, పైగా వారపత్రికల్లో ఇలాంటి రచనలు ఎన్నో చదివాం. తాటాకు హాలులో ఎండ మచ్చలు కూడా ఆ కోవలోనివి కావని ఎలా చెప్పగలరు? ఉప్పెనకు ముందు ఆ హాలు, తరువాత ఇంకో ఊళ్ళో ఇంకో తాటాకు హాలు చూసి ఉండవచ్చు కదా?

పాత రిప్రజెంటేటివ్

నేను ఒక పంపిణీ సంస్థ తరఫున ఫిలిం పెట్టె వెంట ఊళ్ళు తిరిగి కలెక్షన్ లెక్కలు చూసిన వాణ్ణి. ఈ చర్చలో వయసు లెక్కలు వేస్తున్న తీరు గురించే నాలుగు మాటలు చెబుతాను, తక్కిన శాస్త్రం నాకు తెలియదు.

సినిమా విడుదలైన సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేసి "నాకప్పుడు రెండేళ్ళు" అని చాలామంది రాస్తున్నారు. అది నమ్మదగిన లెక్క కాదు. ఇప్పటిలా ఒకే రోజున వందల హాళ్ళలో విడుదల చేయడం ఆ రోజుల్లో లేదు. తీసే ప్రింట్లే తక్కువ. అవి మొదట విజయవాడ, గుంటూరు, రాజమండ్రి వంటి పెద్ద కేంద్రాల్లో ఆడేవి, తరువాత బి సెంటర్లకు, ఆ తరువాత సి సెంటర్లకు వెళ్ళేవి. డేరా హాలు దాకా వచ్చేసరికి ఏడాది గడిచినా ఆశ్చర్యం లేదు, గీతలు పడి, తెగిన చోటల్లా అతికించిన ప్రింటు అది. పౌరాణికాలకైతే విడుదల తేదీతో పనే లేదు. 1963లో వచ్చిన 'లవకుశ' ఎన్నేళ్ళ తరువాత వేసినా జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. శ్రీరామనవమికి రాముడి బొమ్మ, శివరాత్రి జాగరణకు తెల్లవార్లూ ఆటలు ఎన్నో ఊళ్ళలో మామూలే. కాబట్టి 1961లో పుట్టిన వారు 'లవకుశ'ను రెండేళ్ళప్పుడే చూశామనుకుంటే, నిజానికి అయిదేళ్ళప్పుడో ఆరేళ్ళప్పుడో చూసి ఉండవచ్చు. అప్పుడు జ్ఞాపకం అబద్ధం కాదు, వయసు లెక్క మాత్రమే తప్పు. తుంగభద్ర గారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా వైపు డేరా హాళ్ళలో ప్రొజెక్టరు ఒక్కటే ఉండేది. ఒక రీలు అయిపోగానే లైట్లు వేసి ఇంకో రీలు ఎక్కించేవారు. పసిపిల్లలు తెర మీది కథను అనుసరించలేరు, కానీ ఆ వెలుతురు వచ్చినప్పుడల్లా కళ్ళు నులుముకుని చుట్టూ ఉన్న మనుషులను చూసేవారు, అది నేను ఎన్నో ఊళ్ళలో గమనించాను. హాలు గుర్తుండి బొమ్మ గుర్తులేదని బాపట్ల వాసి గారు అంటే నాకు నమ్మబుద్ధి అవుతోంది.

ఓరుగల్లు పాఠకురాలు

మా అక్కకూ నాకూ ఈ విషయంలో ఏళ్ళ తరబడి వాదం నడుస్తోంది. రెండో ఆట నుంచి రిక్షాలో ఇంటికి వస్తుంటే మా బాపు (నాన్న) ఒళ్ళో నిద్రపోయిన బిడ్డ చెప్పు ఒకటి జారి దారిలో పడిపోయింది. ఆ బిడ్డను నేనని నేను, తానని అక్క. వట్టి కాలికి తగిలిన చల్లగాలి కూడా ఇద్దరికీ గుర్తుంది. బాపును అడుగుదామంటే ఆయన లేరు. అమ్మ మాత్రం "ఇద్దరిలో ఎవరో ఒకరిదిలే" అంటుంది. ఇద్దరిలో ఒకరిది తప్పకుండా అరువు జ్ఞాపకమే అయినా, ఆ అరువు తెచ్చుకున్నవారికి ఆ చల్లదనం తక్కువగా ఏమీ లేదు. అటువంటప్పుడు లోపలినుంచి చూసి తేల్చుకునే మార్గమే లేదు కదా? బాపట్ల వాసి గారి ఎండ మచ్చలకూ ఇదే వర్తిస్తుందని నా భయం.

మల్లెతీగ

నేను పూర్వ ప్రాథమిక విద్య బోధిస్తాను. ఓరుగల్లు పాఠకురాలి గారూ, మీ ఇంటి వాదం అరుదైనది కాదు. కవలలు ఒకే సంఘటనను ఇద్దరూ తమదేనని పట్టుబట్టడం గురించి 2001లో పరిశోధన వచ్చింది. కవలల్లో ఇది ఎక్కువగా కనిపించినా, వయసు దగ్గరగా ఉన్న తోబుట్టువుల్లోనూ ఉంది.

తుంగభద్ర గారి వాదనలో ఒక అంశాన్ని సరిదిద్దాలి. తన్ను తాను బయటినుంచి చూసుకుంటున్నట్టు అనిపించినంత మాత్రాన ఆ జ్ఞాపకం కల్పితమని తేలదు. పాతబడినకొద్దీ నిజమైన జ్ఞాపకాలు కూడా చాలామందికి ఆ విధంగానే తోస్తాయి. జ్ఞాపకాలు మొదలయ్యేది మూడు, మూడున్నర ఏళ్ళకన్న గీత కూడా సగటు మాత్రమే. 1993లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో చెల్లెలో తమ్ముడో పుట్టడం, తాము ఆస్పత్రిలో ఉండటం వంటి పెద్ద సంఘటనలు రెండేళ్ళ వయసులో జరిగినవి కూడా కొందరికి గుర్తున్నాయి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది న్యూజిలాండ్‌లో 2000లో వచ్చిన పరిశోధన. అక్కడి మావోరీ ప్రజల తొలి జ్ఞాపకాలు సగటున మూడేళ్ళు నిండకముందువి, ఐరోపా సంతతి వారివి మూడున్నరేళ్ళ వైపువి. మావోరీ కుటుంబాల్లో గతాన్ని పిల్లలతో కలిసి విస్తారంగా చెప్పుకునే అలవాటు ఇందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. అంటే ఇంట్లో చెప్పుకోవడం వల్ల జ్ఞాపకం కల్తీ కావడమే కాదు, నిలవడం కూడా జరుగుతుంది. అక్షరాభ్యాసం రోజున పెద్దలు చెయ్యి పట్టి దిద్దించిన అక్షరం ఎవరిదని అడిగితే ఏం చెబుతాం? మాటలు పూర్తిగా రాని పిల్లకు ఆ రాత్రి జరిగినదాన్ని ఒక వరుసలో పెట్టి చెప్పేవారు లేకపోతే అది ఆ పిల్లలోనూ మిగలదు. "మనదా, మనవాళ్ళదా" అని చీలిక పెట్టడమే నాకు సమ్మతం కాదు.

అయితే ఎలా చెబుతున్నామన్నది ముఖ్యం. "నువ్వు భయపడ్డావు" అని తీర్పు చెప్పడం వేరు, "అప్పుడేమైంది? నీ పక్కన ఎవరున్నారు?" అని అడిగి వినడం వేరు. రెండోదానిలో పిల్లల సొంత సంగతులు బయటికి వస్తాయి. ఇవాళ విజయవాడలో అయినా డాలస్‌లో అయినా పిల్లలను సినిమాకు తీసుకెళ్ళిన తల్లిదండ్రులు ఫోనులో వీడియో తీసి ఆ పని అయిపోయిందనుకుంటున్నారు, అడగడం తగ్గిపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తుంగభద్ర

పాత రిప్రజెంటేటివ్ గారు చెప్పిన వయసు లెక్క సమంజసంగా ఉంది. కానీ అది నా పక్షాన్నే బలపరుస్తుంది: రెండేళ్ళవి అనుకున్న జ్ఞాపకాలు అయిదేళ్ళవి అయితే, రెండేళ్ళవి లేవనే కదా అర్థం? మల్లెతీగ గారూ, చెప్పుకోవడం వల్ల జ్ఞాపకం నిలుస్తుందన్నది ఒప్పుకుంటాను. కానీ నిలిచినదేదో కొత్తగా చేరినదేదో విడదీయలేనప్పుడు, దాన్ని ఆనాటి సినిమా హాళ్ళకు సాక్ష్యంగా చూపకూడదు. ఈ వేదికలోని రచనలను కలిపి పుస్తకంగా తేవాలని కొందరు ప్రతిపాదిస్తున్నారు కాబట్టే ఇంత పట్టుదలగా అడుగుతున్నాను. అలా తెచ్చేటట్టయితే, సొంతంగా గుర్తున్నది ఏదో, ఇంట్లో విన్నది ఏదో రచయితలు విడివిడిగా రాయాలి.

బాపట్ల వాసి

మీ షరతు న్యాయంగానే ఉంది. అందుకే ఈ చర్చ చదివాక మా మేనత్తకు ఫోను చేశాను. ఎండ మచ్చల ప్రస్తావన తేకుండా, నన్ను మొట్టమొదట సినిమాకు ఎవరు తీసుకెళ్ళారని మాత్రమే అడిగాను. తానే తీసుకెళ్ళానని, అది మా అమ్మ నా చెల్లెలి పురుడు కోసం పుట్టింటికి వెళ్ళిన ఎండాకాలమని, నవమికి రాముడి బొమ్మ వేశారని, నేను బొమ్మ చూడకుండా ఆటంతా కింద ఇసుకలో చేతులు పెట్టి ఆడుతూనే ఉన్నానని చెప్పింది. మా చెల్లెలు పుట్టింది 1977 మే నెలలో. అంటే ఆ నవమికి నాకు మూడేళ్ళు నిండాయి, మూడున్నర ఇంకా నిండలేదు. రథం విరిగినప్పుడు నేను దూరిన కొంగు అమ్మదే అయితే అది వేరే రోజు, వేరే సినిమా, ఎందుకంటే ఆ రోజు అమ్మ ఊళ్ళోనే లేదు.

తుంగభద్ర

మూడేళ్ళు నిండాయి కాబట్టి ఇది నా వాదానికి అడ్డు రాదు. అయినా ఈ ఒక్క జ్ఞాపకాన్ని మీ సొంతమని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఒకటే మనవి: మీ మేనత్త చెప్పిన మాటలను ఈ రోజు తేదీ వేసి, మీరు పైన రాసిన దానితో కలపకుండా, విడిగా రాసిపెట్టండి. తక్కిన సభ్యులు కూడా పెద్దలను అడగబోయే ముందే తమకు గుర్తున్నది ఇక్కడ రాసి, ఆ తరువాతే ఫోను చేయాలని కోరుతున్నాను.

ఓరుగల్లు పాఠకురాలు

అక్కా నేనూ ఈ ఆదివారం వేరువేరుగా రాసి అమ్మకు చూపిస్తాం. రిక్షాలో ఎవరు ఏ వైపు కూర్చున్నామో కూడా రాయమని అక్కకు చెప్పాను.