మా మెట్టల్లో అడవి కుందేళ్లు తగ్గడానికి మట్టి, మేతే కారణమా?

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. అడవి కుందేళ్ల సంగతి తెలిసినవారి సాయం కావాలి. రాగులు, సామలు, కందులు పండించిన రోజుల్లో తెల్లవారి పొలానికి వెళితే గట్ల మీద కుందేళ్లు కనిపించేవి. ఇప్పుడు ఆ మెట్టలు చాలావరకు పత్తికి, జామాయిల్ తోటలకు పోయాయి. కుందేలు కనబడటమే అరుదైంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా వేట ఆగలేదు, నిజమే. కానీ ఉచ్చులు పెట్టనివ్వని మా పొలాల వైపూ ఇదే పరిస్థితి. అందుకే నా అనుమానం మేత మీద. గట్ల మీద గరిక, పిల్లిపెసర దట్టంగా ఉండేవి. కలుపు మందు కొట్టిన చోట తిరిగి మొలిచేది వయ్యారిభామే. జామాయిల్ కింద ఎండుటాకులే తప్ప పచ్చిక లేదు. మొన్న ఒక గట్టున గరిక కొసలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉన్నాయి. పక్కన గుండ్రటి పెంటికలు. విరిస్తే అంతా పీచే. కుందేలు తన మెత్తటి పెంటికలను మళ్లీ తిని పోషకాలు రాబట్టుకుంటుంది. అసలు మేతలోనే మాంసకృత్తులు, భాస్వరం లేకపోతే పాలిచ్చే తల్లి ఎలా నిలుస్తుంది?

మావి ఆమ్ల గుణమున్న ఎర్ర నేలలు, మొక్కకు భాస్వరం సరిగా అందదు. మట్టి పరీక్షలో భాస్వరం, సున్నంతో పాటు ఇంకేం చూడాలి? గడ్డిలో మాంసకృత్తులు, పీచు ఎక్కడ పరీక్షిస్తారు? నమూనా వేసవిలో తీయాలా, వానల తర్వాతా? కొన్ని గట్లకు మందు ఆపి, పిల్లిపెసర చల్లి, పెంటికలు లెక్కించి మిగతావాటితో పోలిస్తే ఆ తేడాను నమ్మవచ్చా?