‘ఇంకో మాట’లో ‘క్క’ ఉండాలా?

పాతటీవీ: అమెరికన్ టీవీ సీరియల్ డిటెక్టివ్ కొలంబో సెలవు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, చెయ్యి నుదుటికి ఆనించి వెనక్కి తిరిగి అనే ‘జస్ట్ వన్ మోర్ థింగ్’కు తెలుగు ‘ఇంకో మాట’ అని ఎక్కడో చదివిన గుర్తు. ‘ఇంకొక్క మాట’ కాదు కదా?

నిఘంటుప్రియ: ‘ఇంకొక్క’ అనే ఉండాలి. ‘ఇంకో’ వెనక మరో నాలుగు ఉండొచ్చు. ‘క్క’ పడితే ఇదే ఆఖరని హామీ. ఇంగ్లీషులో ‘జస్ట్’ చేసే పని తెలుగులో ఆ ద్విత్వం చేస్తుంది.

డబ్బింగ్‌గది: అర్థం సరే, పెదవులకు కుదరదు. మూలంలో నాలుగు అక్షరాలు, పెదవులు కలిసేది మూడోదాని మీద, ‘మోర్’ దగ్గర. ‘ఇంకొక్క మాట’లో అయిదు, మకారం నాలుగోది. తెర మీద నోరు ముందే మూసుకుంటుంది, మాట వెనకబడుతుంది. ‘ఒక్క మాట’ అయితే సరిగ్గా నాలుగు, మకారం మూడోది, మీ ‘క్క’ కూడా దక్కింది. వీపు కనిపించే షాట్‌కు ఈ లెక్క అక్కర్లేదు.

యతిప్రాస: ‘అన్నట్టు’ను ఎవరూ తలవలేదేం? ‘ఒక్క మాట’ అనుమతి అడుగుతుంది. ‘అన్నట్టు’ అప్పుడే గుర్తొచ్చినట్టు వినిపిస్తుంది. హంతకుడు గండం గడిచిందనుకుని ఏమరినప్పుడు అసలు ప్రశ్న పడాలి, అదీ కిటుకు. కొలంబోను సృష్టించిన రచయితలు లెవిన్సన్, లింక్ ఈ పాత్రకు ఒరవడిగా చెప్పుకున్నది దస్తయేవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ నవలలోని దర్యాప్తు అధికారి పోర్ఫిరీనే.

డబ్బింగ్‌గది: ‘అన్నట్టు’లో పెదవులు కలిసే అక్షరమే లేదండీ.

పాతపుస్తకం: మాట కన్నా ముందు పుట్టింది తిరిగి రావడం. కొలంబో నాటకం రాస్తున్నప్పుడు ఒక రంగం పొట్టిగా వచ్చింది. కొలంబో అప్పటికే నిష్క్రమించాడు. అంతా మళ్ళీ టైపు చేయలేక, వెళ్ళినవాణ్ణే వెనక్కి రప్పించామని లింక్ చెప్పాడు. 1968లో టీవీలో నటుడు పీటర్ ఫాక్ ఆ వేషం కట్టడానికి ముందు సంగతి ఇది. మనకు ‘వెళ్తాను’ అనడమే తప్పు, ‘వెళ్ళొస్తా’ అనాలి. కొలంబో ఆ ‘వస్తా’ను నిలబెట్టుకుంటాడు, అంతే.

యతిప్రాస: అడగడం, అడుగు వెయ్యడం రెండూ ఒకేచోట పెట్టినవాడు పోతన. అష్టమ స్కంధం, సిరికిం జెప్పక వెళ్ళిన స్వామి వెనక లక్ష్మి నడక:

అడిగెద నని కడువడిఁ జను,
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్;
వెడవెడ చిడిముడి తడఁబడ
నడుగిడు, నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్.

అడుగుదామని గబగబా వెళ్తుంది, అడిగినా పలకడని ఆగుతుంది; తడబడుతూ అడుగేస్తుంది, అంతలో వెయ్యలేకపోతుంది. గుమ్మం దగ్గరి తటపటాయింపుకు ఇంతకన్నా ఏం కావాలి?

నిఘంటుప్రియ: ‘నుడుగఁడు’ ఏమిటండీ, ‘నుడువఁడు’ కదా. నుడువు అంటే పలుకు.

యతిప్రాస: నుడుగు అన్నా అదే. వెంటనే ‘ఉడుగున్’ వస్తోంది, చెవికి గకారమే కావాలి.

నిఘంటుప్రియ: చెవి సాక్ష్యం చాలదు. ‘ఉడుగు’ పక్కనుంది కాబట్టే రాయసకాడి చెయ్యి జారి వకారం గకారమై ఉండొచ్చు. గణాలు రెండింటికీ సరిపోతాయి, ఛందస్సు తేల్చదు.

పాతపుస్తకం: ‘మగుడ’ సంగతి చూడండి. ‘తిరిగి బదులు చెప్పడు’ అనా, ‘వెనక్కి తిరిగి పలకడు’ అనా? రెండోదైతే స్వామి కొలంబోకు సరిగ్గా ఎదురు: గడప దాటాక ముఖం తిప్పనివాడు.

నిఘంటుప్రియ: మొదటిదే. ‘తను’ అని కర్మ ఉంది, తనకు బదులు పలకడని.

పాతటీవీ: మరి ‘ఇంకో’నా, ‘ఇంకొక్క’నా?

యతిప్రాస: ‘తను’ కాదు, ‘తన’ అన్న పాఠం కూడా ఉందండీ.