ఫాంటసీ యాక్షన్ అడ్వెంచర్ ఆటకు ప్రాణం ఏది: కథా, పోరాటమా, లోకమా?

కొండదారి:

కొత్త ఆట ఏది వచ్చినా జనం అడిగేవి మూడే. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని గంటలు ఆడొచ్చు, మ్యాప్ ఎంత పెద్దది. ఈ మూడూ బాగుండి కూడా సగంలో వదిలేసిన ఆటలు అందరికీ ఉంటాయి. అందుకే ఈ చర్చ పెడుతున్నాను. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే యాక్షన్ అడ్వెంచర్ ఆటల్లో ఒకదాన్ని ఆడి తీరాల్సిందే అనిపించేది దేనివల్ల?

నా మాట ముందే చెప్పేస్తాను. నేను కళ్లతో చూసి, బుర్రతో ఆలోచించి కనిపెట్టినదానికి ఆటలో విలువ ఉండాలి. తెర మీద బాణం గుర్తు చూపించిన చోటికి వెళ్లి, నొక్కమన్న బటన్ నొక్కి, బహుమతి తీసుకుని వచ్చేస్తే దాన్ని సాహసం అనలేను.

హాలో నైట్ (2017) తీసుకోండి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేసిన ఆట. అందులో నేల అడుగున ఒక నగరం ఉంటుంది, అక్కడ ఎప్పుడూ వాన కురుస్తూనే ఉంటుంది. భూమి లోపల వాన ఎక్కడిదో వెతకమని ఏ క్వెస్టూ (ఆట అప్పగించే పని) రాదు. చాలాసేపటి తర్వాత, పై పొరల్లో తిరుగుతుంటే నిశ్శబ్దంగా ఉన్న ఒక పెద్ద సరస్సు ఎదురవుతుంది. మ్యాప్ తీసి చూస్తే అది సరిగ్గా ఆ నగరం నెత్తిన ఉంది! దానికి పాయింట్లు రావు, ట్రోఫీ రాదు. అయినా నాకు ఆ ఆటలో అన్నిటికంటే గొప్ప క్షణం అదే.

ఒకేదెబ్బ:

సరస్సు నాకూ నచ్చింది కొండదారి గారూ. కానీ ఈ రకం ఆటల్లో చేతికి ఎక్కువ పని పోరాటమే కదా. రెండు గంటలు కూర్చుంటే అందులో సగానికి పైగా కత్తి తిప్పుతూనే ఉంటాం. ఆ కత్తికి బరువు లేకపోతే ఎంత అందమైన లోకమైనా మొహం మొత్తుతుంది.

2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్‌లో గొడ్డలి విసురుతాం. ఇంకో బటన్ నొక్కితే అది గాల్లో గిర్రున తిరుగుతూ వెనక్కి వస్తుంది. చేతిలో పడ్డ క్షణాన కంట్రోలర్ అదురుతుంది. వచ్చే దారిలో శత్రువు ఉంటే వాడికీ తగులుతుంది కాబట్టి, ఎక్కడ నిలబడి పిలవాలో కూడా ఆలోచించుకోవాలి. గొడ్డలి దూరంగా దిగబడి ఉన్నంతసేపూ ఉత్త పిడికిళ్లతోనూ కొట్టొచ్చు. ఒక్క ఆయుధం మీద అంత శ్రద్ధ పెట్టారు.

డార్క్ సోల్స్ (2011) ఇంకో దారి. గాయం మానడానికి ఎస్టస్ సీసా ఎత్తితే తాగడం అయ్యేదాకా పాత్ర కదలదు. ఆ లోపు బాస్, అంటే ఆ చోటి పెద్ద శత్రువు, మీద పడతాడు. ఇప్పుడు తాగాలా, ఇంకో దెబ్బ వేసి పక్కకు దొర్లాలా అన్నది ప్రతిసారీ తేల్చుకోవాలి. చచ్చిపోతే శత్రువులను చంపి కూడబెట్టిన సోల్స్ (ఆ ఆటలో డబ్బులాంటివి) అక్కడే పడిపోతాయి, తెచ్చుకునేలోపు మళ్లీ చస్తే ఇక వాటి మీద ఆశ వదులుకోవడమే. ఆ టెన్షన్ వల్లే ఆ లోకంలో ప్రతి మూలా భయంగా అనిపిస్తుంది. పోరాటం తీసేస్తే మీరు చెప్పే లోకానికి కూడా ఆ పట్టు ఉండదు.

కథలగూడు:

ఆ గొడ్డలి నాకూ ఇష్టమే. కానీ ఆ ఆట పూర్తి చేసినవాళ్లకు ముందు గొడ్డలి గుర్తొస్తుందా, క్రేటోస్, ఆత్రేయస్ అనే ఆ తండ్రీకొడుకులు గుర్తొస్తారా? పడవలో వెళ్తుంటే వాళ్లకు తోడుగా ఉండే మిమిర్ ఒక పాత కథ ఎత్తుకుంటాడు. మధ్యలో ఒడ్డుకు దిగితే ఆపేస్తాడు, మళ్లీ పడవ ఎక్కగానే వదిలిన చోట అందుకుంటాడు. ఒడ్డు వచ్చినా దిగకుండా, కథ అయ్యేదాకా నీళ్ల మీదే గుండ్రంగా తిరిగినవాళ్లలో నేనొకదాన్ని.

ఇంకా గట్టి ఉదాహరణ షాడో ఆఫ్ ది కొలోసస్ (2005). ఫుమితో ఉయెదా బృందం చేసింది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి వాండర్ అనే కుర్రాడు 16 మంది మహాకాయులను చంపాలి. దారిలో చిన్నాచితకా శత్రువులు ఎవరూ ఉండరు. గుర్రం, ఖాళీ మైదానం, గాలి, అంతే. 13వ మహాకాయం ఎడారి మీద పాములా తేలుతూ ఎగురుతుంటుంది. అది మన మీద దాడే చేయదు. మనమే గుర్రం మీద వెంటపడి, బాణాలతో దాని పొట్ట కింద సంచులు పగలగొట్టి, కిందికి వాలాక రెక్క పట్టుకుని ఎక్కి పొడవాలి. అది కూలిపోతుంటే విజయగీతం వినిపించదు, గుండె బరువెక్కించే సంగీతం వస్తుంది. అది మనకేం అపకారం చేసిందని చంపాం అని అక్కడ ఎవరూ మనల్ని అడగరు. నా వేళ్లే ఆ పని చేశాయి కాబట్టి ఆ ప్రశ్న నాలోనే పుట్టింది. కథ ఇలా ఉన్న ఆట కోసం నేను ఎంత పాత గ్రాఫిక్స్ అయినా భరిస్తాను.

కొండదారి:

కథలగూడు గారూ, మీ ఉదాహరణ నా వాదానికీ బలమే. ఆ ప్రశ్న మీ అంతట మీకు తట్టింది. అదే ఒక కట్‌సీన్‌లో (ఆట మధ్యలో సినిమాలా నడిచే దృశ్యంలో) ఎవరో వచ్చి “పాపం, అమాయక ప్రాణి” అని చెప్పి ఉంటే ఆ బరువు అందులో సగం కూడా ఉండేది కాదు.

ఒకేదెబ్బ గారి ఎస్టస్ సంగతీ అంతే. ఎప్పుడు తాగొచ్చో ఆట చెప్పదు, బాస్ కదలికలు చూసి మనం పసిగట్టాలి. కథలోనైనా పోరాటంలోనైనా లోకంలోనైనా నేను వెతికేది ఇదే.

అయితే కనిపెట్టడానికి వీలుండాలంటే లోకానికి నియమాలు ఉండాలి, అవి మాట తప్పకూడదు. జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ (2017)లో ఉరుములు మొదలైతే ఒంటి మీద ఉన్న లోహం నిప్పురవ్వలు చిమ్ముతుంది. తీసి పక్కన పెట్టకపోతే పిడుగు మన మీదే పడుతుంది. తొలిసారి చస్తాం, చచ్చినా ఎందుకో అర్థమవుతుంది. ఇంకెప్పుడో, శత్రువుల గుంపు చూసి, మన ఇనప కత్తిని వాళ్ల మధ్యకి విసిరితే ఎలా ఉంటుందని తడుతుంది. పని చేస్తుంది! గడ్డికి నిప్పు పెడితే వేడిగాలి పైకి లేస్తుంది, అప్పుడు పారాగ్లైడర్ తెరిస్తే మనమూ లేస్తాం. మనకు తట్టిన పిచ్చి ఆలోచనను కూడా ఆట కాదనదు.

ఈ వరసలో మొదటి జెల్డా 1986లో వచ్చింది. చిన్నప్పుడు జపాన్‌లోని సోనోబె చుట్టుపక్కల కొండల్లో, గుహల్లో తిరిగిన జ్ఞాపకాలు దానికి మూలమని సృష్టికర్త షిగెరు మియామోతో చెప్పుకున్నారు. ఆ ఆట తెరవగానే ఏ సూచనా ఉండదు, పక్కన ఒక గుహ నోరు మాత్రం నల్లగా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే కత్తి దొరుకుతుంది. అంతకంటే మంచి ఆరంభం నేను చూడలేదు.

తీరికలేనివాడు:

అందరూ చెప్పేది బాగుంది గానీ, మీరంతా చేతిలో బోలెడంత సమయం ఉన్నవాళ్లలా మాట్లాడుతున్నారు. నాకు రాత్రి పిల్లలు పడుకున్నాక కాసేపు దొరుకుతుంది. వారం తర్వాత మళ్లీ ఆట తెరిస్తే ఎక్కడున్నానో, ఎందుకున్నానో గుర్తుండదు. నాకు ఆ బాణం గుర్తే దిక్కు.

ఎల్డెన్ రింగ్ (2022) గొప్ప ఆటే, కాదనను. కానీ ఒక పాత్ర ఏదో అడుగుతుంది, ఎక్కడికో వెళ్లిపోతుంది. రాసి పెట్టుకోవడానికి ఆటలో క్వెస్ట్ పుస్తకం లాంటిది లేదు. విడుదలైన వెంటనే మార్చిలో అప్‌డేట్ ఇచ్చి పాత్రలు కలిసిన చోటు మ్యాప్ మీద కనిపించేలా చేశారంటే, ఆ ఇబ్బంది నా ఒక్కడిదే కాదన్నమాట. కనిపెట్టే ఆనందం పేరుతో దారి తప్పించడం నాకు న్యాయంగా లేదు.

ఇంకో మాట. మా తమ్ముడికి కుడి చేతి వేళ్లు సరిగా వంగవు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ (2022)లో చూపు, వినికిడి, చేతి కదలికల ఇబ్బందులు ఉన్నవాళ్ల కోసం 60కి పైగా సదుపాయాలు పెట్టారు. బటన్లు మార్చుకుని, పజిళ్ల టైమింగ్ సడలించుకుని వాడు ఆ ఆట ఆడాడు. నా దృష్టిలో ఆడదగ్గ ఆట అంటే ముందు ఆడగలిగే ఆట అయి ఉండాలి.

కొండదారి:

తీరికలేనివాడు గారూ, మీ తమ్ముడి విషయంలో నాకు రెండో మాట లేదు. అలాంటి సదుపాయాలు ప్రతి ఆటలో ఉండాలి. కష్టం స్థాయి తగ్గించుకునే వీలు ఉన్నంత మాత్రాన ఇంకొకరి ఆట చెడిపోదు.

దారి చూపడం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. దారి చూపొద్దని నేననలేదు. దారిని తెర మీద అతికించకుండా లోకంలోంచే చూపాలంటున్నాను. కథలగూడు గారు చెప్పిన కొలోసస్‌లోనే చూడండి. ఎండలో నిలబడి కత్తి పైకెత్తితే వెలుగు కిరణాలు చెదిరి ఉంటాయి, సరైన దిక్కుకి తిరిగితే ఒక్కటవుతాయి. నీడలో పని చేయదు. మీరు నెల తర్వాత తెరిచినా కత్తి ఎత్తితే చాలు, ఎటు వెళ్లాలో తెలుస్తుంది. కానీ తల ఎత్తి మైదానం చూస్తూ వెళ్తారు, మూలన ఉన్న చిన్న మ్యాప్ చూస్తూ కాదు.

హాలో నైట్‌లో మ్యాప్ అమ్మే కార్నిఫర్ అనే పురుగు ఎక్కడో కూర్చుని కూనిరాగం తీస్తుంటాడు. చుట్టూ కాగితాలు పడి ఉంటాయి. ఆ కాగితాలు కనిపించినా, ఆ రాగం వినిపించినా ప్రాణం లేచొస్తుంది. అతను ఇచ్చే మ్యాప్ కూడా అసంపూర్తిగానే ఉంటుంది, మిగతాది మనం తిరిగి, బెంచీ మీద కూర్చున్నప్పుడు నిండుతుంది. దారి తెలుసుకోవడం కూడా ఆటలో భాగమే అయింది.

మీలాంటివారి కోసం బాగా ఆలోచించిన ఆట ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్ (2024). మొదట్లోనే అడుగుతుంది, లక్ష్యం చూపించే పద్ధతి కావాలా, మీరే వెతుక్కుంటారా అని. దానికి తోడు, తెరవలేని తలుపో అందని నిధో కనిపిస్తే ఆ దృశ్యాన్ని ఫొటో తీసి మ్యాప్ మీద గుచ్చుకోవచ్చు. వారం తర్వాత వచ్చినా మీరు ఏమనుకున్నారో మీ ఫొటోలే చెప్తాయి. ఈ ఒక్క సదుపాయం మిగతా ఆటలన్నీ తెచ్చుకుంటే ఈ గొడవలో సగం తీరిపోతుంది.

ఒకేదెబ్బ:

ఫొటోల ఆలోచన బాగుంది, ఒప్పుకుంటాను. కానీ బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌ను ఇంత మెచ్చుకుంటుంటే ఒకటి అడగాలి. ఇష్టమైన కత్తి నాలుగు పోరాటాలకే ముక్కలైపోతే, పోరాటం మీద మమకారం ఎలా కలుగుతుంది? పైగా లోకమంతా దాచిపెట్టిన 900 కొరోక్ గింజలు! ఎవరు ఏరుతారు అన్ని?

కొండదారి:

900 ఏరమని ఆట అడగదు. సామాను సంచి పెద్దది చేసుకోవడానికి అన్ని అక్కర్లేదు, సగం కంటే తక్కువతోనే అది పూర్తవుతుంది. అన్నీ ఏరినవాళ్లకు దక్కేది కూడా ఉత్త సరదా వస్తువే. అంత విరివిగా చల్లింది, మీరు ఏ కొండ ఎక్కినా, ఏ వింత రాయి కదిపినా ఏదో ఒకటి దొరకాలని. కత్తులు విరగడం మాత్రం చాలామందికి నచ్చలేదు, ఆ కోపంలో న్యాయం ఉంది. నాకైతే అది మేలే చేసింది. విరుగుతుందని తెలిసే, కొండ మీంచి బండ దొర్లించడం, అయస్కాంతశక్తితో ఇనపపెట్టె లేపి శత్రువు నెత్తిన వేయడం నేర్చుకున్నాను.

పొడవు విషయంలో నాకు మొహమాటం లేదు. నూరు గంటలు ఆడొచ్చు అన్నది ఒక ఆట గొప్పతనంగా ఎవరైనా చెప్తే నాకు అనుమానం వస్తుంది. కొలోసస్ కొద్ది రోజుల్లో అయిపోతుంది, అందులో తీసేయదగ్గ గంట ఒక్కటి కూడా లేదు.

కథలగూడు:

అందం ఉండి అడ్డం పడే ఆటల మాట కూడా ఎత్తాలి. బ్లాక్ మిత్: వుకాంగ్ (2024) అడవులు, గుళ్లు చూస్తే రెప్ప వేయాలనిపించదు, బాస్‌లతో పోరాటాలు కూడా అద్భుతం. కానీ దారిలా కనిపించిన చోట కనిపించని గోడ తగులుతుంది. మళ్లీ తగులుతుంది. కాసేపటికి ఎక్కడికి వెళ్లొచ్చో కళ్లను నమ్మడం మానేస్తాం. పోరాటం అంత బాగున్నా ఆ లోకం నాకు పరదాకు వేసిన బొమ్మలాగే మిగిలింది. ఈ ఒక్క విషయంలో కొండదారి గారి వైపు ఉంటాను. కథ విషయంలో మాత్రం నా మాట నాదే.

కొత్తకంట్రోలర్:

నేను ఇంతవరకు ఫోన్‌లోనే ఆడాను. ఇంతమంది చెప్పిన వాటిలో దేంతో మొదలుపెట్టమంటారు?

కొండదారి:

కథ కోసం అయితే 2018 గాడ్ ఆఫ్ వార్. తేలిక స్థాయి పెట్టుకోండి, పడవ ఎక్కినప్పుడల్లా మిమిర్ మాటలు పూర్తయ్యేదాకా దిగకండి. తిరగడం ఇష్టమైతే బ్రెత్ ఆఫ్ ది వైల్డ్. సెట్టింగ్స్‌లో ప్రో అనే పద్ధతి ఉంటుంది, అది పెడితే తెర మూలన చిన్న మ్యాప్ మాయమవుతుంది. మొదటి పీఠభూమి దాటాక అది పెట్టి చూడండి. హాలో నైట్ మూడోదిగా ఉంచండి, కంట్రోలర్ చేతికి అలవాటయ్యాక. నేల అడుగున నగరం చేరాక మాత్రం ఇక్కడికి వచ్చి చెప్పండి, పైన సరస్సు గురించి నేను ముందే చెప్పేశాను కాబట్టి మీరు కనిపెట్టడానికి అక్కడ ఇంకేమున్నాయో మాట్లాడుకుందాం.

ఒకేదెబ్బ:

రెండు కంట్రోలర్లు ఉంటే ఒకటి డార్క్ సోల్స్ కోసం పక్కన పెట్టండి. మొదటి బాస్ దగ్గర కోపమొస్తే ఇక్కడ రాయండి, ఎటు దొర్లాలో నేను చెప్తాను.