సబ్బు ద్రావణంలో పగిలిన హెచ్‌డీపీఈ పట్టీలు: తప్పు పదార్థానిదా, తయారీదా?

యంత్రశాల:
సబ్బు ద్రావణాన్ని సీసాల్లో నింపే మా యంత్రంలో సీసాలు జారుతూ ముందుకు సాగడానికి 2 మీటర్ల పొడవైన స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు ఉండేవి. వాటిని తీసేసి, అదే డ్రాయింగ్ ప్రకారం, పట్టీలోకి దిగిపోయే ఏటవాలు తల స్క్రూలతోనే హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత పాలిథిలీన్ అనే ప్లాస్టిక్) పట్టీలు బిగించాం. కొన్ని నెలలకే అవి స్క్రూల మధ్య పైకి ఉబ్బి, ఆ తరువాత పగిలాయి. ఆమ్లాలనూ క్షారాలనూ తట్టుకునే ప్లాస్టిక్ సబ్బు నీటికి పగలడం ఏమిటి? ఈ పదార్థాన్ని వదిలేయడమే మంచిదా?

భారగణన:
వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. స్టీలు స్థితిస్థాపక గుణకం, అంటే సాగకుండా బిగుసుకుని ఉండే గుణానికి కొలత, 200 గిగాపాస్కల్స్ దాకా ఉంటే హెచ్‌డీపీఈది ఒకటికి అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. పైగా ఎడతెగని బరువు కింద అది నెమ్మదిగా సాగిపోతూనే ఉంటుంది. కొలతలు నిలవాల్సిన చోట నైలాన్ వాడండి.

కొలతపట్టీ:
భారగణన గారు చెప్పిన అంకెలు సరైనవే కానీ, ఈ పట్టీలు పగలడానికి కారణం అది కాదు. సీసాల బరువు ఎంతని? అసలు బరువు స్క్రూలే మోపాయి.

ముందు ఉబ్బు సంగతి చూద్దాం. హెచ్‌డీపీఈ ఒక మీటరు పొడవుకు, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి, సుమారు 0.15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 2 మీటర్ల పట్టీ 30 డిగ్రీలు వేడెక్కితే 9 మిల్లీమీటర్లు పెరగాలి. దాని కింది స్టీలు చట్రం పెరిగేది దాదాపు 1 మిల్లీమీటరే. ప్రతి స్క్రూ దగ్గరా పట్టీని కదలకుండా బిగించినప్పుడు, పెరిగిన పొడవుకు పైకి లేవడం తప్ప వేరే దారి లేదు. అలా నొక్కుకుపోయిన స్థితిలో కొంతకాలం ఉంటే పదార్థం ఆ స్థితికే సర్దుకుంటుంది. మళ్లీ చల్లబడినప్పుడు కుదించుకోబోతే స్క్రూలు అడ్డుపడి రంధ్రాల చుట్టూ లాగుడు పుడుతుంది. ఏటవాలు తల స్క్రూ రంధ్రం అంచును మేకులా చీలుస్తుంది కనుక ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది.

సబ్బు చేరేది ఇక్కడే. అది హెచ్‌డీపీఈని కరిగించదు, దానితో రసాయనికంగా చర్య జరపదు. లాగుడులో లేని ముక్కను అదే ద్రావణంలో నెలల తరబడి ముంచి ఉంచినా ఏమీ కాదు. లాగుడు ఉన్న చోట మాత్రం ప్లాస్టిక్‌లోని స్ఫటిక పొరలను కలిపి ఉంచే పొడవైన అణు గొలుసులు ఒకదాని నుంచి ఒకటి జారి విడిపోవడాన్ని సబ్బు అణువులు సులువు చేస్తాయి. దాంతో మామూలుగా తట్టుకోగల లాగుడుకే బీట పుడుతుంది. ఈ గుణాన్ని పరీక్షించేటప్పుడు గాటు పెట్టిన ముక్కలను వంచి, సబ్బు వంటి ద్రావణంలోనే ముంచి, పగిలేదాకా గమనిస్తారు. ఇది పరిశ్రమకు చాలాకాలంగా తెలిసిన సంగతే, అందుకే ఈ పట్టీల విషయంలో ఎవరూ దాన్ని తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

నైలాన్ 6 నీటిలో నానితే తన బరువులో 9 శాతం దాకా నీరు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. తడి యంత్రంలో కొలతలు నిలవడానికి దాన్ని ఎంచుకోవడం సరికాదు.

భారగణన:
నీటి విషయం ఒప్పుకుంటున్నాను. నైలాన్‌కు బదులు అసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ పేరు చెప్పి ఉండాల్సింది. కానీ బిగించిన బోల్టు కింద హెచ్‌డీపీఈ సాగి, బిగువు సడలుతుందన్న నా అభ్యంతరానికి మీరు జవాబు చెప్పలేదు.

కొలతపట్టీ:
అది న్యాయమైన అభ్యంతరమే. బిగింపు భారాన్ని ప్లాస్టిక్ మీద వేయకూడదు. రంధ్రంలో లోహపు గొట్టం ముక్కను దూర్చి, దాన్ని పట్టీ మందం కన్నా కొంచెం పొడవుగా ఉంచితే, బోల్టు ఆ గొట్టాన్నే నొక్కుతుంది, పట్టీ దాని చుట్టూ స్వేచ్ఛగా కదులుతుంది. పట్టీ మధ్యలో ఒక్క రంధ్రాన్ని మాత్రం గుండ్రంగా ఉంచి, మిగిలినవన్నీ పొడవు దిశలో సాగదీసిన రంధ్రాలుగా చేయాలి. స్క్రూ తల కింద చదునుగా ఉండాలి, వెడల్పు వాషర్ వేయాలి. పదునైన కోత సాధనంతో కోసి, లోపలి మూలలను గుండ్రంగా తిప్పాలి. అణుభారం ఎక్కువగా ఉన్న గ్రేడు పగుళ్లను బాగా తట్టుకుంటుంది కనుక అదే అడిగి తీసుకోండి. విరిగిన పట్టీలను జిగురుతో అంటించే ప్రయత్నం వద్దు, ఈ ఉపరితలానికి మామూలు జిగుర్లు పట్టవు.

అసిటాల్ మంచి పదార్థమే. అయితే యంత్రాన్ని క్లోరిన్ ద్రావణంతో కడుగుతుంటే అది దెబ్బతింటుంది.

యంత్రశాల:
పాత పట్టీలను బయటికి తీసి మళ్లీ చూశాను. ఒక్క పగులు కూడా సీసాలు జారే ముఖం మీద మొదలవలేదు. అన్నీ స్క్రూ రంధ్రాల అంచు నుంచే బయలుదేరాయి. ఇంకా పూర్తిగా పగలని రంధ్రాల చుట్టూ కూడా వెంట్రుకంత సన్నని బీటలు వేలిగోటికి తగులుతున్నాయి. యంత్రాన్ని మేము వారానికోసారి క్లోరిన్ ద్రావణంతోనే కడుగుతాం, కాబట్టి హెచ్‌డీపీఈలోనే ఉంటాను. సాగదీసిన రంధ్రాలతో డ్రాయింగ్‌ను కొత్తగా గీయిస్తున్నాను.