పార్కిన్సన్స్‌కు డీబీఎస్: విదేశంలో ఎంత ఖర్చవుతుంది, ఇక్కడైతే ఎంత?

ప్రశ్న (నరసన్నపేట నుంచి)

అందరికీ నమస్కారం. ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారికి 64 ఏళ్లు. పార్కిన్సన్స్ బయటపడి తొమ్మిదేళ్లయింది. మొదట్లో రోజుకు మూడు మాత్రలతో గడిచిపోయేది. ఇప్పుడు మూడు గంటలకొకసారి సిండోపా (లెవోడోపా మందు ఉన్న మాత్ర) వేసుకుంటున్నా, తరువాతి మాత్రకు అరగంట ముందే ఒళ్లు బిగుసుకుపోతోంది. గడప ముందు కాలు ఎత్తలేక నిలబడిపోయి, "ఆగరా, మాత్ర పట్టాక దాటుతాను" అంటారు. తీరా మాత్ర పట్టాక మెడ, చేతులు వాటంతటవే మెలికలు తిరుగుతాయి. విశాఖలో చూస్తున్న న్యూరాలజిస్టు డీబీఎస్ (మెదడులోకి సన్నటి తీగలు పంపి, ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన బ్యాటరీ పరికరంతో కరెంటు ఇచ్చే ఆపరేషన్) గురించి ఆలోచించమన్నారు. అమెరికాలో ఉన్న అక్కా బావగారూ అక్కడికే తీసుకురమ్మంటున్నారు. అక్కడ 35 వేల నుంచి లక్ష డాలర్ల దాకా, మన దేశంలో సుమారు 8 నుంచి 15 లక్షల రూపాయలు అవుతుందని చదివాను. ఇంత తేడా ఎందుకు? ధర తగ్గితే నాణ్యత కూడా తగ్గినట్టేనా? పొలం అమ్మితే తప్ప కుదరదు కనుక, అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (బొబ్బిలి నుంచి)

మా అమ్మగారికి హైదరాబాదులో చేయించాము. తేడా పరికరం నాణ్యతలో లేదండి. మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్, ఆబట్ పరికరాలే అక్కడా ఇక్కడా పెడతారు. మన దగ్గర బిల్లులో పెద్ద భాగం పరికరానిదే. అమెరికాలో ఆసుపత్రి, సర్జను, మత్తు డాక్టరు, పరీక్షలు అన్నీ ఖరీదే. పైగా చూడటానికి వెళ్లిన తల్లిదండ్రులకు తీసుకునే బీమా సాధారణంగా పాత జబ్బులకు వర్తించదు కనుక, మొత్తం సొమ్ము మీ బావగారి చేతి నుంచే పోతుంది.

నా బాధ వేరే. మాకు ఇచ్చిన ఎస్టిమేట్ కాగితంలో పరికరం, ఆపరేషన్, గది అని మూడే వరుసలు ఉన్నాయి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కరెంటు మోతాదు సరిచేసే ప్రోగ్రామింగ్ మొదలవుతుందని, దానికి ప్రతిసారీ వేరుగా కట్టాలని ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాదిలో ఆరుసార్లు విజయనగరంలో రాత్రి రైలెక్కాము. ఇద్దరి టికెట్లు, లాడ్జి, ఆటోలు పద్దు పుస్తకంలో కూడుకుంటే కళ్లు తిరిగాయి. బ్యాటరీ సంగతి కూడా ముందే అడగండి: ఛార్జింగ్ లేనిది మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది, తరువాత ఛాతీ దగ్గర కోసి మార్చాలి, ఛార్జింగ్‌ది ధర ఎక్కువైనా పదిహేనేళ్ల వరకు వస్తుంది. అందుచేత పదేళ్లకు లెక్క వేసి పోల్చండి. హైదరాబాదు నిమ్స్‌లోనూ, తిరువనంతపురం శ్రీచిత్రలోనూ చేస్తారు. అక్కడ కూడా ఎస్టిమేట్ అడగండి.

జవాబు (విజయనగరం నుంచి, ఫిజియోథెరపిస్టును)

ధర కంటే ముందు తేల్చుకోవలసినది, ఈ ఆపరేషన్ మాస్టారికి పనికివస్తుందా అన్నది. రాత్రి నుంచి మాత్ర ఆపి, ఉదయం నడక, వణుకు, బిగువు కొలుస్తారు. తరువాత లెవోడోపా ఇచ్చి మళ్లీ కొలుస్తారు. కనీసం 30 శాతం మెరుగైతేనే సాధారణంగా ముందుకు వెళతారు. జ్ఞాపకశక్తి, మానసిక స్థితి కూడా పరీక్షిస్తారు. వణుకు సంగతి పక్కన పెడితే, మందుకు తగ్గని లక్షణం ఆపరేషన్‌కూ తగ్గదు. మాత్ర బాగా పట్టిన వేళ కూడా ఆయన గడప దగ్గర ఆగిపోతున్నారా? ఇది గమనించి రాసి పెట్టుకోండి. జబ్బు ముదరడాన్ని ఇది ఆపదని కూడా ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

జవాబు (టెక్కలి నుంచి)

మా చిన్నాన్నగారికి విదేశంలోనే పెట్టారు; ఆపరేషన్ చక్కగా జరిగింది. ఊరికి వచ్చాక కాలు ఈడ్వడం మొదలైతే, ఆ మోడల్‌ను సరిచేసే యంత్రం ఉన్న డాక్టరు కోసం నెలన్నర తిరిగాము. ఒక కంపెనీ పరికరాన్ని ఇంకొక కంపెనీ ప్రోగ్రామర్‌తో సరిచేయడం కుదరదు. ఎక్కడ ఉండబోతారో అక్కడే చేయించడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కతో మాట్లాడాను, ముందు ఆ పరీక్ష ఇక్కడే చేయిద్దామంది. ఈ జవాబులు చదివి వినిపిస్తే నాన్నగారు ఒక్కటే అడిగారు: "మాత్ర లేకుండా ఆ ఉదయం ఆసుపత్రి గడప ఎలా దాటిస్తారురా?"

జవాబు (విజయనగరం నుంచి)

ముందు రోజు సాయంత్రమే చేర్చుకోమని అడగండి. కుదరకపోతే ఆసుపత్రి పక్కనే లాడ్జిలో కింది అంతస్తు గది తీసుకుని, చక్రాల కుర్చీ ముందే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి ఏయే మాత్రలు ఆపాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఆపవద్దు.

జవాబు (బొబ్బిలి నుంచి)

ఒక మాట మరిచాను. న్యూరాలజిస్టు వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉందని ధ్రువపత్రం ఇస్తే, ఆదాయపు పన్ను పాత విధానంలో అరవై దాటినవారి వైద్యానికి లక్ష రూపాయల వరకు మినహాయింపు ఉంది. బిల్లులు పారేయకండి.